రెండవ చూపు

ఒకమారు అన్న మాటను మనిషి వెనుకకు తీసుకొంటే లోకం దానిని మర్యాదగా భావించదు. "అప్పుడలా అన్నావు, ఇప్పుడిలా అంటున్నావేమి?" అని నిలదీస్తుంది. మా ఉపాధ్యాయులకు ఈ బెడద మరీ ఎక్కువ. విద్యార్థి తప్పు వ్రాస్తే కొట్టివేసి మళ్ళీ వ్రాయవచ్చును. అందుకు మనమే అనుమతి ఇస్తాము. పాఠం చెప్పినవాడు మాత్రం తాను చెప్పినదానిని కొట్టివేసుకొనే ఆచారం లేదు. ఎర్రసిరా ఎప్పుడూ ఇతరుల కాగితాల మీదనే నడుస్తుంది. దాదాపు ఇరవై ఏళ్ళు నేను గట్టిగా పట్టుకొని, పిల్లలకు కూడ నూరిపోసిన ఒక అభిప్రాయాన్ని ఇటీవల నా చేతితో నేనే కొట్టివేసుకోవలసి వచ్చింది. అది ఒక బొమ్మల చలనచిత్రాన్ని గురించినది. బొమ్మల సినిమాకు ఇంత పీఠిక ఎందుకని పాఠకులు అనుకోవచ్చును. కథ విన్న తరువాత అలా అనుకోరని నా నమ్మకం.

ఆ చిత్రం పేరును తెలుగులో "మిణుగురుల సమాధి" అనవచ్చును. జపాను దేశంలో ఇసావో తకహత దర్శకత్వంలో స్టూడియో ఘిబ్లీలో తయారై 1988 ఏప్రిల్ 16న విడుదలయింది. అదే సంస్థలో హయావో మియాజాకీ తీసిన "నా పొరుగు తొతోరో" అనే చిత్రాన్ని కూడ దానితో జంటగా అదే రోజున ప్రదర్శనకు ఇచ్చారు. ఒక దానిలో పిల్లల సంతోషానికి మేర లేదు. రెండవదానిలో పిల్లల దుఃఖానికి మేర లేదు. మిణుగురుల సమాధికి మూలం అకియుకి నొసాకా 1967లో వ్రాసిన ఒక కథ. ఆ కథకు ఆ దేశంలో పేరెన్నికగన్న నవోకి బహుమతి లభించింది.

కథ 1945 నాటిది. కోబె నగరం మీద అమెరికా విమానాలు అగ్గిబాంబులు కురిపిస్తాయి. ఊరు కాలిపోతుంది. పదునాలుగేండ్ల సెయితా తన నాలుగేండ్ల చెల్లెలు సెత్సుకోను వీపున కట్టుకొని బయటపడతాడు. తల్లి ఒళ్ళంతా కాలి మరణిస్తుంది. తండ్రి నౌకాదళంలో అధికారి. ఎక్కడో సముద్రం మీద ఉన్నాడు. పిల్లలు దూరపు చుట్టమైన ఒక ఆవిడ ఇంటికి చేరుతారు. మన వరుసలలో పిన్ని అందాము. ఆమె మొదట ఆదరిస్తుంది. తిండిగింజలు తగ్గేకొద్దీ మాటలు పదునెక్కుతాయి. చివరకు ఆ పిల్లవాడు చెల్లెలిని తీసుకొని ఊరి వెలుపల చెరువుగట్టున ఉన్న ఒక పాడుబడిన గుహవంటి ఆశ్రయంలో కాపురం పెడతాడు. రాత్రి వెలుతురు కోసం మిణుగురులను పట్టి దోమతెరలో వదులుతారు. తెల్లవారేసరికి అవి చచ్చిపడి ఉంటాయి. ఆ పసిపిల్ల గొయ్యి తీసి వాటిని పూడ్చుతుంది. కొన్ని వారాలలో ఆకలికి ఆ పిల్ల పోతుంది. ఆ తరువాత అన్నా పోతాడు. దాచి చెప్పవలసిన ముగింపు కాదిది. చిత్రం మొదటి నిమిషంలోనే సెయితా తాను చనిపోయిన రోజు ఫలానా అని, 1945 సెప్టెంబరు 21 అని, తానే మనకు చెబుతాడు.

నేను దీనిని మొదట చూచినది ఇరవై ఏళ్ళ కిందట. అప్పటికి బొమ్మల సినిమా అంటే ఎలుకా పిల్లీ ఒకదాని వెంట ఒకటి పరుగెత్తడమే అన్న భావం నాలో ఉండేది. ఒక మిత్రుడు డిస్కు ఇచ్చి చూడమన్నాడు. చూచి రెండు రోజులు అన్నం సరిగా తినలేకపోయాను. పరీక్షలు ముగిసిన తరువాత తొమ్మిదవ తరగతి పిల్లలకు బడిలో చూపించాను. గదిలో ఏడవని పిల్ల లేదు. అంతా ముగిసిన తరువాత నేను లేచి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. "ఈ పసిపిల్లను చంపినవి రెండు: ఒకటి యుద్ధం, రెండు ఆ పిన్ని రాతిగుండె" అన్నాను. పిల్లలు తలలూపారు. వెనుక బల్ల నుంచి ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, చెల్లెలికి జబ్బు చేసినప్పుడైనా ఆ అబ్బాయి పిన్ని ఇంటికి తిరిగి వెళ్ళి ఉండవచ్చు కదండీ?" అని అడిగింది. నాకు కోపం వచ్చింది. అంత దుఃఖం చూచిన తరువాత కూడ తప్పులు వెదకడమేమిటని అనిపించింది. "కూర్చో అమ్మా, నీకు సరిగా అర్థం కాలేదు" అన్నాను. ఆ పిల్ల కూర్చొన్నది. ఆ మాట అక్కడితో ముగిసింది, లేక ముగిసిందని నేను అనుకొన్నాను.

పోయిన వేసవి సెలవులలో మా మనవడు వచ్చాడు. వాడికిప్పుడు సరిగ్గా పదునాలుగేండ్లు. వాడి కోరిక మీద ఆ చిత్రాన్ని మళ్ళీ చూచాను. నేను కన్నీళ్ళకు సిద్ధపడి కూర్చొన్నాను. వాడు మాత్రం మొదటి అరగంటలోనే, "తాతయ్యా, ఆ ఎర్రటి వెలుతురులో నిలబడేది కూడ సెయితాయేనా? తన కథనే తాను మళ్ళీ చూస్తున్నాడా?" అన్నాడు.

నేను నివ్వెరపోయాను. నిజమే. చనిపోయిన సెయితా ఎర్రని కాంతిలో అక్కడక్కడ కనిపిస్తూనే ఉంటాడు. తాను బ్రతికి ఉన్నప్పుడు చేసిన పనులను దూరంగా నిలిచి చూస్తూ ఉంటాడు. తల్లి పట్టు కిమోనోలను పిన్ని బియ్యానికి మారుస్తానంటే అతడు ఒప్పుకొన్నాడు. చెల్లెలు వద్దని ఏడ్చింది. ఆ ఏడుపు వినలేక సెయితా ఆత్మ రెండు చెవులూ మూసుకొంటుంది. మొదటిమారు చూచినప్పుడు ఆ ఎర్రని ఆకారాన్ని నేను ఏదో చిత్రకారుని అలంకారం అనుకొని వదిలివేశాను. అది అలంకారం కాదు, కథకు ఆయువుపట్టు. ఈ చిత్రమంతా ఒక పిల్లవాడు తన బ్రతుకును రెండవమారు చూచుకోవడమే. బ్రతికి ఉన్నప్పుడు అతనికి చెవులు మూసుకోవలసిన తప్పిదం అందులో కనిపించలేదు. రెండవమారు కనిపించింది. నాకూ అంతే జరిగింది.

అక్కడినుంచి నేను పిన్నిని వేరే కళ్ళతో చూడసాగాను. ఆమె ఇంట్లో ఆమె కూతురు ఉన్నది, అద్దెకున్న ఒక యువకుడు ఉన్నాడు. ఇద్దరూ పొద్దున్నే పనికి పోతారు. రేషను బియ్యం అందరికీ చాలదు. పనికి పోయేవాళ్ళకు అన్నం కట్టి ఇస్తుంది. ఇంటిపట్టున ఉన్న పిల్లలకు జావ పోస్తుంది. ఇది న్యాయమని నేను అనను. పిల్లల తల్లి చీరలతో వచ్చిన బియ్యం అది. ఆ సంగతి ఆమె త్వరగానే మరచిపోయింది. కాని ఆమె రాక్షసి కాదు. పూట గడిచేదెట్లా అని గిన్నెలోకి తొంగిచూచే ఇల్లాలు. ఇటువంటి ఇల్లాళ్ళను, ఇటువంటి మాటలను మనము మన ఇండ్లలోనే ఎరుగుదుము. కరవు రానంతకాలం వారినే మంచివారని చెప్పుకొంటాము.

తల్లి చనిపోయిన సంగతి చెల్లెలికి తెలియదని సెయితా చివరివరకు దాచుతాడు. కాని మిణుగురులను పూడ్చే రోజున ఆ పసిపిల్ల, అమ్మ కూడ సమాధిలోనే ఉన్నదని పిన్ని చెప్పిందని అంటుంది. పసిపిల్లకు అంత కఠినమైన మాట చెప్పడమేమిటని వెనుక నేను మండిపడ్డాను. ఇప్పుడు చూస్తే, ఆ పిల్లకు నిజం చెప్పవలసిన బరువు ఎవరో ఒకరు మోయవలసిందే. అన్న మోయలేకపోయాడు.

ఇక ఆ అన్న సంగతి. సెయితా చదివే బడి కాలిపోయింది, పనిచేసే కర్మాగారమూ కాలిపోయింది. మరొక పని వెదకుకొనే ప్రయత్నం చేయడు. పిన్ని మాట నొప్పించగానే బ్యాంకులో తల్లి దాచిన 7,000 యెన్‌లలో కొంత తెచ్చి ఒక బొగ్గుల పొయ్యి కొంటాడు. అదే ఇంట్లో వేరే వంట మొదలుపెడతాడు. ఆ తరువాత ఇల్లే వదిలివేస్తాడు. గడప దాటుతుంటే పిన్ని జాగ్రత్త అంటుంది, ఆపదు. అతడు ఆగడు. అతడు నౌకాధికారి కొడుకు. నౌకాదళ విన్యాసంలో వెలిగిన దీపాలను మిణుగురుల మధ్య తలచుకొని పొంగిపోతాడు. తండ్రి వచ్చి శత్రువుల మీద పగ తీర్చుతాడని నమ్ముతాడు. దేశం లొంగిపోయిందనీ, తండ్రి ఉన్న నౌకాదళం సముద్రంలో కలిసిపోయిందనీ అతనికి బ్యాంకులో నిలుచున్న పరాయివాళ్ళ మాటల వలన తెలుస్తుంది.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పుకోవాలి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసినవి ఆ జపాను నౌకాదళపు విమానాలే. సెయితా ఎవరి దీపాలను చూచి మురిసిపోయాడో ఆ ఓడల కోవకు చెందినవే మన తీరం మీదికి వచ్చాయి. మొదటిమారు ఇది నాకు తట్టలేదు. తట్టిన తరువాత కూడ ఆ పిల్లవాని మీద నా జాలి తగ్గలేదు. కాని ఆ జాలి కొంచెం కష్టపడి సంపాదించుకొన్నది అయింది. ఏ అహంకారం కోబెను కాల్చే మంటలను పిలిచిందో, దాని చిన్న ముక్క ఒకటి ఈ పిల్లవాని గుండెలోనూ ఉన్నది. అదే అతన్ని పిన్ని గుమ్మం తొక్కనీయలేదు.

ఇక్కడిదాకా వచ్చి నేను మరొక తప్పు చేయబోయాను. పిన్నిని విడిచిపెట్టి పిల్లవాణ్ణి దోషిగా నిలబెట్టబోయాను. ఇరవై ఏళ్ళకు ఆ అమ్మాయి మాటే నెగ్గింది, సెయితా పంతమే చెల్లెలి ప్రాణం తీసింది అని ఒక కొత్త ఉపన్యాసం కూడ మనసులో సిద్ధమయింది. అదే మాట మనవడితో అన్నాను. వాడు తల అడ్డంగా ఊపి, "నాకైతే తిరిగి వెళ్ళడానికి సిగ్గేస్తుంది తాతయ్యా" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక చిత్రంలోని ఒక చిన్న సన్నివేశాన్ని మళ్ళీ పెట్టి చూచాను. బియ్యం కోసం వచ్చిన సెయితాతో ఒక ముసలి రైతు మాట్లాడుతాడు. ఇప్పుడు అంతా రేషను మీద నడుస్తున్నది, ఇరుగుపొరుగు సంఘంలో చేరనివాడికి బ్రతుకు లేదు, ఆవిడకు క్షమాపణ చెప్పుకొని ఆ ఇంటికే తిరిగి పో అని హితవు చెబుతాడు. ప్రతి మాటా నిజమే. సెయితా వింటాడు, వెళ్ళిపోతాడు. రైతు తన పని చూచుకొంటాడు. తరువాత దొంగతనం చేసి పట్టుబడి దెబ్బలు తిన్న సెయితాను పోలీసు దయతో విడిచిపెట్టి మంచినీళ్ళు ఇస్తాడు. ఆ తరువాత వైద్యుడు చెల్లెలిని పరీక్షించి, ఈమెకు మందు అక్కరలేదు, బలమైన ఆహారం కావాలి అంటాడు. అదీ నిజమే. ఆ ఆహారం ఎక్కడ దొరుకుతుందని సెయితా అరుస్తాడు. దానికి ఎవరూ జవాబు చెప్పరు. ఈ చిత్రంలో పెద్దవాళ్ళు చాలామంది సరియైన మాటలే చెబుతారు. ఒక్కరు కూడ ఆ పిల్లవాని చేయి పట్టుకొని ఆ పిన్ని గుమ్మం దాకా నడవరు.

ఆ రైతు మాటలు ఎక్కడో విన్నట్లు తోచింది. విన్నది నా నోటినుంచే.

నా ఉద్యోగకాలంలో ఒక పిల్లవాడు ఉండేవాడు. తండ్రి పోయి మేనమామ ఇంట్లో ఉండి చదువుకొనేవాడు. ఒకరోజు తరగతిలో నిద్రపోతుంటే లేపి, అందరి ఎదుటా నేను ఒక మాట అన్నాను. ఒకరి ఇంట్లో తింటున్నవాడికి కాస్త బుద్ధి ఉండాలి అన్న అర్థం వచ్చే మాట. వాడు సంచి తీసుకొని వెళ్ళిపోయాడు. నాలుగు రోజుల తరువాత సైకిలు షాపు దగ్గర కనిపించాడు. చేతులకు గ్రీజు. నేను ఆగి, "ఏమిరా, ఇట్లా అయితే ఎట్లా? హెడ్మాస్టరు గారికి ఒక క్షమాపణ కాగితం వ్రాసి ఇచ్చి రేపటినుంచి బడికి రా. అంతా సర్దుకొంటుంది" అన్నాను. "సరే మాస్టారూ" అన్నాడు. రాలేదు. మేనమామ ఇల్లు నేను రోజూ వచ్చే దారిలోనే ఉన్నది. నేను ఆ గుమ్మం ఎక్కలేదు. చెప్పవలసింది చెప్పాను, వినకపోతే నేనేమి చేయను అని అనుకొన్నాను. కొన్నాళ్ళకు వాడు ఊరు విడిచి వెళ్ళాడని తెలిసింది. ఇన్నేళ్ళుగా ఈ సంగతి తలపుకు వచ్చినప్పుడల్లా దానిని ఆ పిల్లవాని పంతం కింద జమకట్టాను. అనవలసిన మాట ఎట్లాగూ అనరాని మాటే. దానికంటె పెద్ద తప్పు సైకిలు షాపు దగ్గర చెప్పిన హితవు అని ఇప్పుడు తెలుస్తున్నది. పదునాలుగేండ్ల వయస్సుకు అభిమానమే ఉన్న ఆస్తి. దానిని వాడంతట వాడు వదులుకొని రావాలని పెద్దవాళ్ళము ఎదురుచూడడం న్యాయం కాదు. దిగి రావలసినది మెట్టు పైన ఉన్నవాడు.

దర్శకుడు తకహత ఇది యుద్ధవ్యతిరేక ప్రచార చిత్రం కాదని పలుమార్లు చెప్పినాడు. ఆ మాట మొదట చదివినప్పుడు నాకు వింతగా తోచింది. ఆయనకు యుద్ధం తెలియక కాదు. 1945 జూన్ 29న ఒకయామ నగరం మీద బాంబులు పడినప్పుడు తొమ్మిదేండ్ల పిల్లవాడుగా ఆయన ఆ మంటలలోనుంచి పరుగెత్తి బయటపడ్డాడు. కథ వ్రాసిన నొసాకా కూడ ఆ సంవత్సరంలోనే తనతో ఉన్న పసిచెల్లెలిని ఆకలికి పోగొట్టుకొన్నవాడు. ఆమె పట్ల తాను తగినంత దయతో ఉండలేదన్న బాధ ఆయనను జీవితాంతం వదలలేదు. కథలోని సెయితా తనకంటె మంచి అన్న అని ఆయనకు తెలుసు. అటువంటి ఇద్దరు మనుష్యులు యుద్ధం చెడ్డది అని చెప్పడానికి మాత్రమే ఇంత కష్టపడనక్కరలేదు. అది మనకు ముందే తెలుసు. తెలిసిన మాటకు ఏడ్చి, ఆ ఏడుపుతో తృప్తిపడి లేచి వెళ్ళిపోతామన్నదే వారి భయమని నేను అనుకొంటున్నాను. ఇరవై ఏళ్ళ కిందట నేను చేసినది అదే.

దీనివలన యుద్ధానికి నిర్దోషిత్వం వస్తున్నదా అని కొందరు మిత్రులు అడుగవచ్చును. రాదు. యుద్ధం ఇండ్లను మాత్రమే కాలిస్తే మళ్ళీ కట్టుకొంటాము. మామూలు కాలంలో ఒక మోస్తరు మంచివారుగా బ్రతికిపోయే పిన్నిని, రైతును, వైద్యుణ్ణి చేతులు ముడుచుకొనేటట్లు చేయడమే దాని ఘోరం. కాని చేతులు ముడుచుకోవడానికి యుద్ధమే రావాలా? మా ఊరిలో ఏ విమానమూ బాంబు వేయలేదు. సైకిలు షాపు నుంచి మేనమామ ఇంటికి రెండు వందల గజాల దూరం కూడ ఉండదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఈ చిత్రాన్ని చిన్న తరగతులకు చూపవద్దు. ఆ బరువు వారు మోయలేరు. పెద్ద తరగతుల పిల్లలకు చూపండి. చూపిన వెంటనే నావలె ఉపన్యాసం ఇవ్వవద్దు. తోచినదేదో పిల్లలను ఒక కాగితం మీద వ్రాయనిచ్చి, దానిని వారినే దాచుకోనివ్వండి. విద్యార్థులకూ ఒక మాట. ఇప్పుడు మీరు సెయితా వయస్సులో ఉన్నారు. అతని పక్షాన చూస్తారు, చూడవలసిందే. పదిహేనేండ్ల తరువాత, మీ ఇంట్లోనూ ఒక బియ్యం డబ్బా, దానిలోకి తొంగిచూచే భయం ఏర్పడిన తరువాత, మళ్ళీ చూడండి. బొమ్మలు అవే ఉంటాయి. మీరు కూర్చొన్న చోటు మారి ఉంటుంది. అప్పుడు పాత కాగితాన్ని తీసి చదువుకొని, కొట్టివేయవలసినది కొట్టివేయండి. సిగ్గుపడవలసిన పని కాదది.

చిత్రం చివర ఆ అన్నాచెల్లెళ్ళ ఆత్మలు ఒక కొండమీద బల్లపై కూర్చొని కిందికి చూస్తూ ఉంటాయి. కింద ఈనాటి కోబె నగరం, ఎత్తయిన మేడలు, లెక్కలేనన్ని దీపాలు. మొదటిమారు దానిని నేను శాంతి అనుకొన్నాను. పిల్లలు చివరకు సుఖపడ్డారని మా తరగతికి చెప్పాను కూడ. ఇప్పుడు నాకలా తోచడం లేదు. అన్ని దీపాలు వెలుగుతున్న ఇండ్లలో తమకు తలుపు తీసే ఇల్లు ఏదో అని వారు ఇంకా చూస్తున్నట్లుగా ఉన్నది.

ఆనాడు వెనుక బల్ల నుంచి లేచి అడిగిన అమ్మాయి ఇప్పుడు ఎక్కడ ఉన్నదో నాకు తెలియదు. ఈ పత్రిక ఆమె చేతికి వస్తే ఈ నాలుగు మాటలు ఆమెకే. అమ్మా, నీ ప్రశ్న సరియైనది. ఆ అబ్బాయి తిరిగి వెళ్ళి ఉండవచ్చును. కాని వెళ్ళి తీసుకొని రావలసినవాళ్ళము మేము. ఆ రోజు నీకు చెప్పవలసిన జవాబు ఇది. అర్థం కానిది నీకు కాదు, నాకు.